ఓడ దిగిన దినం

మా అల్లుడు నా రోకలి విరగ్గొట్టిన రోజున నాకు మా తాత గుర్తొచ్చాడు. గుర్తొచ్చాడు అనడం కన్నా, తిన్నగా పెరట్లోకి వచ్చి కూర్చున్నాడు అనడం మేలు. కౌలాలంపూర్‌కి దగ్గరి ఊరు బంటింగ్‌లో మాది వరస ఇళ్ళలో చివరి ఇల్లు. వెనకాల చాపంత పెరడు, అందులో ఒక రోలు. ఆ రోలు ముందు క్వాబెనా గొంతుక్కూర్చుని ఉడకబెట్టిన పామాయిలు కాయల్ని దంచుతున్నాడు. మనిషి ఆరడుగుల పైమాట. నా రోకలేమో మా అమ్మ నాటిది, పచ్చళ్ళు నూరుకునే ఆడవాళ్ళ చేతి బలానికి తగ్గట్టు చేయించింది. నాలుగు పోట్లకే నడుము విరిగి ఊరుకుంది. మిగిలిన సగం ముక్క చేతిలో పట్టుకుని, "సారీ లా, అత్తమ్మా" అన్నాడు. అతను మాతో మాట్లాడేది ఇంగ్లీషే, అత్తమ్మా అన్న పిలుపూ, ఈ దేశంలో అందరూ మాట చివర తగిలించే లా అనే ముక్కా మాత్రం ఇక్కడ నేర్చినవి. మా అమ్మాయి సుగుణ అటు తిరిగి నవ్వుకుంది. నేనూ నాలుగు చీవాట్లు పెడదామనే లేచాను గానీ, అప్పటికే ఆ కాయల వాసన పెరడంతా పట్టేసింది. ఆ వాసన నాకు కొత్తది కాదు. మా ఎస్టేటులో నూనె మిల్లు పెట్టినప్పటి నుంచి గాలి మళ్ళినప్పుడల్లా పీల్చిందే. కానీ ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తోడై, మనిషి తినే తిండిలా రావడం మాత్రం అదే మొదలు. ఆ చెట్ల మధ్యే పెరిగి పెద్దదాన్నై, వాటి మీద వచ్చిన కూలితోనే చదువుకుని టీచరమ్మనై, ఇన్నేళ్ళలో ఒక్క కాయ నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు. అది ఎలకలు తినేది, మిల్లువాడు పిండేది. కూర వండుకుంటారని మాకు చెప్పినవాళ్ళు లేరు.

క్వాబెనాది ఘానా దేశం. కౌలాలంపూర్‌లో చదువుకోవడానికి వచ్చి, అక్కడే మా సుగుణను చూసి, చదువూ ఉద్యోగమూ పెళ్ళీ అన్నీ ఇక్కడే కానిచ్చేశాడు. ఇప్పుడు క్లాంగ్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు చూస్తుంటాడు. ఆ ఆదివారం వండింది అసలు వంట కాదట, అసలు వంటకు ముందు చేసే రిహార్సలట. అసలుది మార్చి ఆరున. అది వాళ్ళ దేశానికి స్వాతంత్య్రం వచ్చిన దినం. మలయాకు మెర్డెకా, అంటే మా స్వాతంత్య్రం, వచ్చిన ఏడాదే, మాకన్నా కొన్ని నెలలు ముందు. నేను పుట్టిందీ ఆ ఏడాదే గనక నాకూ, ఈ దేశానికీ, వాళ్ళ దేశానికీ ఒకటే ఈడు. మోకాళ్ళ నొప్పులు మాత్రం నా ఒక్కదానికే వచ్చాయి.

వాళ్ళ నాన్న ఆ రోజున బడిపిల్లాడట, చేతిలో కాగితం జెండా పట్టుకుని ఊరంతా తిరిగాడట. అప్పటి నుంచి ఏటా ఆ తేదీన ఇంటి వాకిట్లో నిలబడి, గ్లాసులోని మందు కొంచెం కొంచెం నేల మీద పోస్తూ, చనిపోయిన పెద్దల్ని పేరుపేరునా పిలిచి, మీరు చూడలేకపోయిన దినాన్ని మేం చూస్తున్నాం, ఇదుగో మీ వాటా అని చెప్పేవాడట. ఆయన కిందటేడు పోయాడు. అప్పుడు క్వాబెనా పాస్‌పోర్టు ఉద్యోగ అనుమతి పొడిగింపు కోసం ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉండిపోయింది. వెళ్ళలేకపోయాడు. అంత మనిషీ మా ముందుగదిలో ఫోను పట్టుకుని, ఆ చిన్న తెరలో తండ్రి శవపేటిక మోసుకెళ్తుంటే చూశాడు. నేను పక్కన కూర్చుని వీపు రాయడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. అందుకే ఈ ఏడు మార్చి ఆరు తప్పకుండా చెయ్యాలని పట్టుబట్టాడు. ఒక్కటే చిక్కు. "ఇంట్లో పెద్దవాడు ఉండగా చిన్నవాడు పొయ్యకూడదు, అత్తమ్మా. మన ఇంటి మగవాళ్ళలో పెద్ద ఎవరు?" అని అడిగాడు. ఆయన, అంటే సుగుణ తండ్రి, ఎప్పుడో పోయాడు. మిగిలిన పెద్ద మా అన్నయ్య అప్పన్న ఒక్కడే. ఆ అన్నయ్య, సుగుణ పెళ్ళయిన దగ్గర నుంచి మా గడప తొక్కలేదు.

రోకలి విరిగిన సంగతి చెప్పి తాత దగ్గరికి వెళ్ళకుండా అన్నయ్య దగ్గరికి వచ్చాను. వెనక్కి వెళ్తాను. ఎందుకంటే వాకిట్లో నిలబడి నేలకు పోసే పని మా ఇంట్లోనూ ఉండేది. దాన్ని మేం సాక పొయ్యడం అనేవాళ్ళం. మా తాత ఏటా ఒక రోజున కల్లు సాక పోసేవాడు. ఆ రోజు పేరు ఓడ దిగిన దినం.

మా లయం, అంటే ఎస్టేటు కూలీల వరస ఇల్లు, బంటింగ్‌కి లోపలగా, రబ్బరు చెట్ల నడుమ ఉండేది. ఒకే కప్పు కింద పది కాపరాలు, మధ్యన చెక్క పలకల గోడలు. పక్కింట్లో ఎండుచేప వేగితే మా ఇంట్లో అన్నం మెతుకులకు రుచి వచ్చేది. తెల్లారకముందే అయ్యా అమ్మా నెత్తికి దీపాలు కట్టుకుని రబ్బరు పాలు గీయడానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంట్లో తాతా, మామ్మా, అన్నయ్యా, నేనూ మిగిలేవాళ్ళం. మామ్మ పొయ్యి రాజేసి నల్ల కోపీ కాచేది, కాఫీని మేం అలాగే అంటాం. తాతకు ఇనప గ్లాసులో కోపీ, అందులో ముంచుకోవడానికి నిన్నటి రొట్టె. అది చేతికి తీసుకుని వాకిలి మెట్టు మీద కూర్చునేవాడు. కూర్చోవడం అంటే ఊరికే కాదు, అదొక ఉద్యోగం. ఆ మెట్టు మీద నుంచి ఎదురుగా రబ్బరు తోట, తోటకు ఆ వైపున పొగగూడు. రబ్బరు రేకుల్ని పొగబెట్టి ఆరబెట్టే ఆ గూటికి ఎత్తయిన గొట్టం ఒకటి ఉండేది. మామూలు రోజుల్లో ఆకుల గుబురులో ఆ గొట్టం కనబడదు. కానీ ఏడాదికోసారి రబ్బరు చెట్లకు ఆకు రాలే కాలం వస్తుంది. ఆకులు ముందు ఎర్రబడి, తర్వాత పొద్దస్తమానం గలగలా రాలుతూ, తోటంతా మోకాలి లోతు ఎండాకు పడేది. పాలు తగ్గిపోయేవి, అయ్య కూలీ తగ్గేది, మామ్మ మాటల్లో కారం పెరిగేది. అలాంటి ఒక పొద్దున తాత కోపీ గ్లాసు పక్కన పెట్టి, "పొగ్గొట్టం అవుపడతంది. రేపే దినం" అనేవాడు. అంతే, లయం మొత్తానికి అదే పంచాంగం. పది గుమ్మాల్లోనూ మినప్పప్పు నానేది.

ఆ గుర్తు ఎందుకంటే, తాతను చిన్నపిల్లాడిగా చంకనెత్తుకుని వాళ్ళ అయ్యా అమ్మా విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఓడ దిగి, ఎస్టేటుకు నడిచి వచ్చిన రోజున చెట్లన్నీ మోడులై ఉన్నాయట. తారీకు అడిగి రాసుకునే చదువు లేదు. గుర్తున్నదల్లా ఆ మోడులూ, వాటి మధ్య నిలబడ్డ గొట్టమూ. "సచ్చిన అడివికి తెచ్చి పడేసినార్రా" అని తాత వాళ్ళమ్మ అక్కడే కూలబడి ఏడ్చిందట. పక్షం తిరిగేసరికి చిగుళ్ళు వచ్చాయి. ఏడుపూ చిగురూ రెండూ కలిసిన దినం అది. మామ్మ గారెలు వేసేది, నాటుకోడి పులుసు పెట్టేది. మా పులుసులో బెలచాన్, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద, కూడా పడేది, ఆంధ్రావాళ్ళు వింటే ముక్కు మూసుకుంటారు గానీ మాకదే కమ్మదనం. నా చెయ్యి గారెల బేసిన్ వైపు పోతే చాలు, "ఒలే పైడీ, పెద్దలు తినకుండా నువ్వు తింటావేటే" అని గరిటెతో వేళ్ళ మీద ఒకటి తగిలేది. సాయంత్రం తాత చెప్పులు విడిచి వాకిట్లో నిలబడి, ముంతలో కల్లు నేల మీదకు వంచుతూ, ముందు తన అయ్యనూ అమ్మనూ పిలిచేవాడు. "నరసిమ్ములయ్యా, తాగు. అప్పయ్యమ్మా, తాగు తల్లీ. మీరు ఓడెక్కినారు గనక మేం తింటన్నాం." ఇంకా పేర్లుండేవి. ఓడలో పోయినవాళ్ళవి, ఎస్టేటు జ్వరంతో పోయినవాళ్ళవి. అన్నయ్య తాత పక్కనే నిలబడి ఒక్కో పేరూ తిరిగి చెప్పాలి. ఆడపిల్లను గనక నన్ను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. నా ధ్యాసంతా గారెల మీదే గనక అప్పట్లో నాకు అది లోటనిపించలేదు.

తర్వాత రబ్బరు కొట్టేసి పామాయిలు వేశారు. మా తోటను ఒక్క నెలలో నేలమట్టం చేశారు. తాత కష్టం అక్కడ మొదలైంది. అడ్డం చెట్టన్నదే లేదాయె, పొగ్గొట్టం రోజూ కనబడేది. పొద్దున కనబడేది, మధ్యాహ్నం కనబడేది, వెన్నెట్లో కూడా కనబడేది. "రోజూ అవుపడతంది కదా, రోజూ గారెలు సెయ్యమంటావేటి?" అని మామ్మ ఎకసెక్కాలు ఆడేది. పిల్లలం మాత్రం రోజూ పొద్దున్నే మెట్టు దగ్గరికి పరిగెత్తి, "తాతా, అవుపడింది" అని గంభీరంగా చెప్పేవాళ్ళం. ఆ ఏడు తాత ఏదో ఒక రోజు ఎంచి సాక పోశాడు. నాలుగో ఇంటి సూరయ్య అది సరైన రోజు కాదని, తన లెక్కన ఇంకో రోజు పోశాడు. మరుసటేడు లయంలో మూడు ఓడలు మూడు రోజుల్లో దిగాయి. ఆ తర్వాత పామాయిలు మొక్కలు చెట్లయ్యాయి, గొట్టం మళ్ళీ మరుగున పడింది. తాత మెట్టు మీద కూర్చుని ఎదురుచూశాడు. ఆ చెట్టు ఆకు రాల్చదు. ఏడాది పొడుగునా పచ్చగా అలాగే ఉంటుంది. రబ్బరు లేకపోయాక పొగగూడుతో పనేముంది, ఒకరోజు దాన్నీ పడగొట్టేశారు. ఆ చెట్టు ఆఫ్రికా నుంచి వచ్చిందని ఎవరో చెబితే తాత, "ఆపరికా సెట్టుకి మన దినం ఏం తెలుస్తాది" అన్నాడు. అందులో కోపం లేదు. ఓడిపోయిన మనిషి గొంతు అది. ఓడ దిగిన దినం మా ఇంట్లో అలా ఆగిపోయింది.

అన్నయ్య ఆ మాటను మోసుకుని పెరిగాడు. పెరిగి ఏం చేశాడు? జీవితమంతా పొడుగాటి కొడవలితో ఆ ఆపరికా చెట్టు గెలలే కోశాడు. కోపమూ దాని మీదే, కూడూ దాని మీదే. సుగుణ పెళ్ళి మాట చెప్పినప్పుడు, "సెట్టొచ్చి మన దినాన్ని మింగింది. ఇప్పుడు మడిసొచ్చి పిల్లని మింగతన్నాడు" అని లేచి వెళ్ళిపోయాడు. రంగు సంగతి కూడా ఏదో గొణిగాడు. మా అన్నయ్యనూ క్వాబెనానూ పక్కపక్కన నిలబెడితే తేడా కనిపెట్టడానికి ట్యూబులైటు వెయ్యాలి. ఆ మాటే నేను అన్నాను కూడా. అది మంటలో ఆజ్యం పోసినట్టయింది.

ఈ చెట్టు గొడవ నేను క్వాబెనాకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెట్టును మాత్రం ఎవరు అడిగారు, అత్తమ్మా? దాన్నీ ఓడెక్కించే కదా తెచ్చారు" అన్నాడు. అతని ఫోనులో ఇలాంటి దినాలు బోలెడు. ఆగస్టు ఒకటి అని ఒకటుంది. తెల్లవాళ్ళ చెరకు దీవుల్లో, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల విడుదలకు గుర్తుగా వాళ్ళ మనవలు చేసుకునే పండగట. "వాళ్ళు వదిలేసిన చెరకు ఎవరు కొడతారు మరి? అప్పుడే మీవాళ్ళను ఓడలెక్కించడం మొదలెట్టారు" అన్నాడు, గిన్నెలో గరిటె తిప్పుతూ. వాళ్ళ విడుదలకూ మా ప్రయాణానికీ ముడి ఉందని నాకు అరవై దాటాక, నా వంటింట్లో, విరిగిన రోకలి పక్కన తెలిసింది. పిల్లలకు ఇన్నేళ్ళు చరిత్ర చెప్పిన టీచరమ్మను నేను.

బుధవారం అన్నయ్య ఇంటికి వెళ్ళాను. పాత ఎస్టేటు అంచున ప్రభుత్వం కట్టించిన చిన్న ఇల్లు. వరండాలో కూర్చుని మోటారుసైకిలు తుడుస్తున్నాడు. వదిన కోపీ ఇచ్చి లోపలికి తప్పుకుంది. విషయం చెప్పాను.

"ఆడి దినం ఆడు సేసుకోమను. నాకేటి?"

"పెద్దోడు లేకుండా సెయ్యకూడదంట, అన్నయ్యా. ఈ ఇంటికి పెద్దోడివి నువ్వే కదా." అన్నయ్య ముందు నా నోట కూడా లయం మాటే వస్తుంది, ఏం చెయ్యను.

"ఇప్పుడు గుర్తొచ్చినానా? పిల్లనిచ్చినప్పుడు పెద్దోడు అక్కర్లేదు. రేపు ఆల్లకి పుట్టే పిల్లలు మన పెద్దల పేర్లు పలకగలరేటి?"

"నీ మనవలు పలుకుతన్నారా? నా సుగుణ పలుకుతందా? తెలుగులో అడిగితే తమిళంలో జవాబు సెప్తాది. పేర్లు నీ ఒక్కడి కాడే ఉన్నాయి. నువ్వు పోతే ఆల్లని పిలిసే దిక్కు లేదు."

ఆ మాట కటువుగా వచ్చిందని నాకు తెలుసు. అన్నయ్య గుడ్డ పిండి, మళ్ళీ తుడిచిన చోటే తుడిచాడు. తుడుస్తూనే అడిగాడు. "ఏ దినం అన్నావు?"

"మార్చి ఆరు."

"ఏటా అదేనా?"

"అదే."

"ఆకు రాలకపోయినా తెలిసిపోద్దా ఆల్లకి?"

"తెలుస్తాది. కేలండరులో ఉంటాది."

అన్నయ్య వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. నేను బస్సు ఎక్కేటప్పుడు కూడా బండి తుడుస్తూనే ఉన్నాడు.

మార్చి ఆరు సాయంత్రం క్వాబెనా ఫ్యాక్టరీ నుంచి తొందరగా వచ్చి కొత్త రోకలితో కాయలు దంచాడు. ఎర్రటి నూనె తేలే ఆ పులుసులో ఎండుచేప వేశాడు. చూసి చూసి నేనే ఒక చిటికెడు బెలచాన్ కలిపాను, రుచి చూసి అతనే ఇంకొంచెం వెయ్యమన్నాడు. వంట అయింది. పొద్దు వాలింది. వాకిట్లో నలుగురం పట్టేంత సిమెంటు, దాని పక్కన బంతి మొక్కలున్న జానెడు మట్టి. క్వాబెనా గేటు వైపు చూడడం, చూడనట్టు నటించడం, మళ్ళీ చూడడం. "ఇంకాసేపు చూసి మనమే పోసేద్దాం లా" అంది సుగుణ. అతను తల అడ్డంగా ఊపాడు. పెద్దవాడు లేకుండా పోస్తే వాళ్ళ నాన్నకు అందదని అతని నమ్మకం. కిందటేడు వెళ్ళలేకపోయినందుకు ఈ ఒక్కటైనా సరిగ్గా జరగాలి. ఆ ముఖం చూస్తే నాకు అన్నయ్య మీద కోపం తన్నుకొచ్చింది.

మోటారుసైకిలు చప్పుడు విని ముందు సుగుణే లేచింది. అన్నయ్య దిగాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. చేతిలో మినరల్ వాటర్ సీసా, అందులో తెల్లగా కల్లు. "పాత కల్లుకొట్టు మూసేసినారు. మోరిబ్ దాకా పోవాల్సొచ్చింది" అన్నాడు, ఆలస్యానికి అదే సంజాయిషీ. క్వాబెనా ఎదురెళ్ళి వంగి రెండు చేతులూ పట్టుకున్నాడు. అన్నయ్య చేతులు వెనక్కి తీసుకోలేదు గానీ ముఖం పక్కకు పెట్టి నన్నడిగాడు. "ఈ బాబు పేరేటన్నావు?"

"క్వాబెనా. ఆల్లలో పుట్టిన వారాన్ని బట్టి పెడతారంట. మంగళారం పుట్టినోడని అర్థం."

"అయితే మంగయ్యే కదా. ఇన్నాల్లూ నోరు తిరగని పేరు సెప్పి సంపినావు." అని, అప్పుడు చూశాడు అల్లుడి ముఖంలోకి. క్వాబెనాకు ఏమీ అర్థం కాకపోయినా, "యెస్, అంకుల్" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే ఇద్దరూ చెప్పులు విడిచారు.

అన్నయ్య మట్టి దగ్గర నిలబడి సీసా వంచాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ పేర్లు విన్నాను. నరసిమ్ములయ్య, అప్పయ్యమ్మ. ఓడలో పోయిన చిన్నపిల్ల గంగులు. ఆ పేరు నేను అంతకు ముందు విన్నట్టే లేదు. తాత పేరు, మామ్మ పేరు, అయ్య, అమ్మ. సుగుణ తండ్రి పేరు కూడా పిలిచాడు. ఒక చోట తడబడి ఆగి, కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. అప్పట్లో గుమ్మం లోపలే ఉంచిన ఆడపిల్లను, ఈసారి వాకిట్లో అన్నయ్య భుజం పక్కనే నిలబడ్డాను. పొమ్మన్నవాళ్ళు లేరు. ఆనాటి తోటా లేదు, లయమూ లేదు, సిమెంటు ఊళ్ళో జానెడు మట్టి మిగిలింది. అయినా ఆ కల్లు ఇంకిపోవడానికి అది చాలింది.

సీసాలో అడుగున కొంచెం మిగిలింది. అన్నయ్య దానికి మూత పెట్టబోయి ఆగి, "మంగయ్యా, మీ అయ్య పేరేటి?" అని అడిగాడు. నేను చెప్పకముందే క్వాబెనాకు అర్థమైంది. "యావ్" అన్నాడు.

అన్నయ్య పెదవులతోనే అనుకున్నాడు. కుదరలేదు. "ఇంకోపాలి" అన్నాడు. క్వాబెనా మళ్ళీ చెప్పాడు.

"గురువారం పుట్టినోడంట. గురవయ్య అనేస్తే సరిపోద్ది, అన్నయ్యా" అన్నాను.

"నువ్వూరుకో పైడీ. బతికున్నోడు ఏ పేరెట్టి పిలిసినా పలుకుతాడు. సచ్చినోడిని ఆడి పేరుతోనే పిలవాల."

మూడోసారి, నాలుగోసారి కూడా చెప్పించుకున్నాడు. అప్పుడు సీసా మట్టి వైపు వంచాడు.

"యావ్ బాబూ, తాగు. నీ కొడుకు మా కాడ ఉన్నాడు. బెంగెట్టుకోకు."